గృహిణీ గోష్ఠి: పేట మంచిదేనా?



ఈ మాసము మాకు వచ్చిన జాబులలో నొకదానిని మీతో ముచ్చటింపవలయునని తలంచితిమి. భర్తగారికి బదిలీ యగుటచే హైదరాబాదు నగరమునకు కాపురము మార్చుచున్న యొక సోదరి దానిని వ్రాసినది. ఆమెకు రెండిండ్లు కుదురునట్లున్నవట. ఒకటి క్రొత్తగా వెలసిన పేటలో నున్నది. వీథి విశాలము, ప్రహరీగోడలు ఎత్తు, సందడి లేదు. రెండవది పాత బజారునకు దగ్గఱ. క్రింద అంగళ్లు, మీద కాపురములు, ఉదయము మొదలు రాత్రి పదిగంటల వఱకు జనసమ్మర్దము. పత్రికలలో వచ్చిన లెక్కలను బట్టి మొదటి పేటలో నేరములు తక్కువ, రెండవదానిలో ఎక్కువ.

"మాకు కాలేజీలో చదువుకొను అమ్మాయి యున్నది. సాయంకాలము ఏడున్నరకుగాని యిల్లు చేరదు. మావారు మొదటి యిల్లే తీసికొందమనుచున్నారు. మా అత్తగారు ఏ పేటయైన నేమి, పిల్లను చదువు మాన్పింపుడనుచున్నారు. నాకేమియు తోచకున్నది. మీరేమందురు?" అని యామె యడిగినది.

ఈ ప్రశ్న యామె యొక్కతెది కాదు. పట్టణమున అద్దెయిల్లు వెదకు ప్రతి యిల్లాలును అద్దె యెంత, నీళ్లు వచ్చునా యని యడిగిన పిమ్మట మూడవ మాటగా "పేట మంచిదేనా?" యని యడుగుచునే యుండును. కాబట్టి ఆ మంచి చెడ్డలను కొలుచు లెక్కలెట్లు పుట్టుచున్నవో, వానిని మన మెంతవఱకు నమ్మవచ్చునో, మొదట విచారింతము.

మన దేశమున నేరముల సంఖ్యలను ఏటేట ప్రకటించునది జాతీయ నేర గణాంక సంస్థ. ఇది 1986లో నేర్పడినది. "భారతదేశమున నేరములు" అను అర్థము గల పేరుతో వెలువడు వార్షిక నివేదిక మాత్రము అంతకంటె పాతది. 1953 నుండి వచ్చుచున్నది. ఈ నివేదికలోని అంకె లెక్కడనుండి వచ్చును? పోలీసు ఠాణాలలో వ్రాయబడిన ఫిర్యాదులనుండి, అనగా ఎఫ్.ఐ.ఆర్.ల నుండి వచ్చును. ఠాణా పుస్తకములో నెక్కని నేరము ఈ నివేదికలో లేదు. జరిగిన నేరములు వేఱు, వ్రాయబడిన నేరములు వేఱు. పత్రికలలో మనము చదువునది రెండవదాని లెక్క మాత్రమే.

వ్రాయబడినవానిలోనైనను అన్నియు లెక్కకు రావు. ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో పలు నేరములున్నచో వానిలో నెక్కువ శిక్ష గలదాని నొక్కదానినే లెక్కింతురు. దొంగ యింట జొరబడి సొమ్ము దోచి మనిషిని చంపినచో అది హత్యగా లెక్కకు వచ్చును, దోపిడి రాదు.

ఇక "లక్షకు ఇన్ని" యను నిష్పత్తి సంగతి. నేరముల సంఖ్యను జనసంఖ్యచే భాగించిన యీ నిష్పత్తి వచ్చును. ఆ జనసంఖ్య ఏ నాటిది? 2022 నివేదికలో మహానగరముల లెక్క 2011 జనగణనను బట్టి కట్టబడినది. హైదరాబాదునకు దానిలో వ్రాసిన జనసంఖ్య 77.5 లక్షలు. ఆ పదునొకండు సంవత్సరములలో ఈ నగర మెంత పెరిగినదో ఇక్కడ కాపురముండువారి కెల్ల తెలిసినదే. పైనున్న అంకె ఏటేట మాఱుచుండ, క్రిందనున్న అంకె కదలకున్నచో నిష్పత్తి యుండవలసిన దానికంటె పెద్దదిగా కనబడుట వింత కాదు. ఒక్కొక్క పేటకు ఈ నిష్పత్తిని కట్టబోయినచో చిక్కు మఱింత యెక్కువ. కోఠి, సుల్తాన్ బజారు వంటి తావులలో రాత్రి నిద్రించువారు కొద్దిమంది. పగలు వచ్చిపోవువారు వేనవేలు. అచ్చట జేబు కత్తిరింపబడినవాడు ఎక్కడి వాడైనను ఆ నేరము ఆ పేట పద్దులోనే పడును. మఱియు చిన్న వీథిలో నిరుడు ఒక్క దొంగతనము, ఈ యేడు రెండు జరిగినచో "నేరములు రెట్టింపైనవి" అని పెద్ద యక్షరములతో వ్రాయవచ్చును. అందులో అబద్ధము లేదు. నిజము మాత్ర మెంత కలదో మీరే యోచింపుడు.

కేరళ రాష్ట్రమును చూడుడు. నేరముల నిష్పత్తిలో ఆ రాష్ట్రము పెక్కేండ్లుగా ముందు వరుసలో కనబడుచున్నది. అంతమాత్రముచే కేరళము దొంగలకు నిలయమని మన మనుకొనము. అచ్చటివారు చదువుకొన్నవారు, ఠాణాకు పోయి ఫిర్యాదు వ్రాయించుట యెఱిగినవారు. నేరము పెరుగుట వేఱు, నేరమును నమోదుచేయుట పెరుగుట వేఱు అని గణాంక సంస్థయే తన నివేదికలో హెచ్చరించుచున్నది. బండి పోయినవాడు బీమా సొమ్ము కొఱకు తప్పక ఎఫ్.ఐ.ఆర్. వ్రాయించును, కావున బండ్ల దొంగతనములు ఇంచుమించుగ నన్నియు లెక్కకెక్కును. బస్సులో ఆడుపిల్ల కొక అవమానము జరిగినచో దానికి బీమా లేదు. వ్రాయించుటకు తోడు వచ్చువారును తఱచుగా నుండరు. కావున ఆ పద్దు ఖాళీగా నుండును. ఖాళీ పద్దును చూచి "మంచి పేట" యని మనము సంతోషింతుము.

ఇది మే మితరులను గూర్చి చెప్పుట కాదు. మూడేండ్ల క్రిందట మా వీథిలో జరిగిన సంగతి చెప్పెదము. ఒకనాటి సందెవేళ మా పొరుగింటి పిన్నిగారు గుడినుండి వచ్చుచుండ, మోటారు సైకిలుపై వచ్చిన యిద్దఱు ఆమె మెడలోని గొలుసు తెంచుకొనిపోయిరి. వీథి మలుపున దీపము నెల దినములుగా వెలుగుట లేదు. ఇరుగుపొరుగువార మందఱము చేరితిమి. "ఠాణా చుట్టు ఎవరు తిరుగుదురు? పోయిన బంగారము వచ్చునా? పెండ్లి కావలసిన పిల్లలున్న యిల్లు. పోలీసులు వాకిట నిలుచుట యేమి బాగు?" అని పెద్దలనిరి. మేమును ఔనంటిమి. పిన్నిగారు మెడపై గీతకు పసుపు రాచుకొని యూరకుండిరి. ఫిర్యాదు లేదు. ఆ దీపమును గూర్చి అర్జీయును లేదు. వీథిలోని యాడుపిల్లలు మాత్రము ఆఱు గంటల లోపల యిల్లు చేరవలయునని కట్టడి యేర్పడినది.

రెండు వారములు గడచినవి. అదే మలుపున, అదే చీకటిలో, వెనుక వీథిలోని యొక వృద్ధురాలి గొలుసును అట్లే లాగిరి. ఆమె క్రిందపడినది; తుంటి యెముక విఱిగినది. నేటికిని చేతికఱ్ఱ లేనిదే లేవలేకున్నది. మొదటిది వ్రాయించి యుండినచో రెండవది జరుగకుండెడిదని మేము ప్రమాణము చేయలేము. కాని పోలీసువారు ఆ మలుపున నొక చూపు వేసియుందురు, దీపము వెలిగియుండును, ఆ వృద్ధురాలికి హెచ్చరికయైన నంది యుండును. మేము మాట్లాడకుండుటవలన మా వీథి కాగితముపై నిష్కళంకముగా నిలిచినది. ఆ నిష్కళంకతకు వెల చెల్లించినది మఱియొకతె. ఆమె వీథిలో కనబడినప్పుడెల్ల మాకు తల వంగుచున్నది.

ఇప్పుడు వీథి గడప దాటి యింటి గడపలోనికి వత్తము. పిల్లను బయటికి పంపిన భయము, ఇంట నుంచిన క్షేమము అని మన మనుకొందుము. లెక్కలేమి చెప్పుచున్నవి? 2022లో దేశమున స్త్రీలపై జరిగిన నేరములుగా నమోదైనవి 4,45,256. లక్ష మంది స్త్రీలకు 66.4 చొప్పున. వీనిలో అన్నిటికంటె పెద్ద పద్దు బజారున జరిగినది కాదు. భర్తయో, అతని బంధువులో చేసిన క్రూరత్వము. నూటికి 31 కేసు లవియే. అత్యాచారపు కేసులలో నిందితుడు నూటికి తొంబదికి మించి బాధితురాలికి తెలిసినవాడే యని ఆ సంస్థ నివేదికలు ఏటేట తెలుపుచున్నవి.

ఇంతకును అవి వ్రాయబడినవి మాత్రమే. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో ఇల్లిల్లు తిరిగి స్త్రీలను రహస్యముగా నడిగిరి. 18 మొదలు 49 ఏండ్ల వయస్సులో పెండ్లియైన స్త్రీలలో భర్తచేత హింస పొందితిమని చెప్పినవారు తెలంగాణమున నూటికి సుమారు 37 మంది, ఆంధ్రప్రదేశమున 30 మంది. దేశము మొత్తముమీద హింసకు గుఱియైన స్త్రీలలో నూటికి 77 మంది ఎవరి సహాయమును కోరలేదు. ఎవరితోను చెప్పుకొనను లేదు. ఒకటి ఏడాది లెక్క, మఱియొకటి జీవితకాలపు లెక్క. రెంటిని సరిగా ప్రక్క ప్రక్క నుంచి కొలువరాదు. అయినను లక్షకు 66 ఎక్కడ, నూటికి 30 ఎక్కడ? ఆ నడుమ నున్న అగాధమంతయు మనవంటివారి మౌనముచే నిండియున్నది. ఎత్తైన ప్రహరీలు గల నిశ్శబ్దమైన వీథిలో ఆ మౌనము మఱింత సులభము. లోపలి కేక బయటికి వినబడదు గనుక.

అట్లయిన వీథిని కాపాడున దేమి? అమెరికాలోని న్యూయార్కు నగరమున జేన్ జేకబ్స్ అను నొక గృహిణి యుండెడిది. పత్రికారచయిత్రి, ముగ్గురు బిడ్డల తల్లి. ఆమె పట్టణముల యభివృద్ధిని గూర్చి 1961లో నొక గ్రంథము ప్రకటించినది. తాను నివసించిన హడ్సను వీథిలో అంగడివారు, నడచిపోవువారు, కిటికీలనుండి చూచువారు కలసి యెట్లు కావలి కాయుచుందురో దానిలో వర్ణించినది. వీథి వైపు చూచు కన్నులే వీథికి మొదటి రక్షణ యని యామె చెప్పిన మాట. పోలీసువారు తరువాత. మన పల్లెలలో అరుగుమీద కూర్చుండు అవ్వలు చేసిన పని యిదియే కదా! మనము అరుగులు తీసివేసి గోడలు కట్టితిమి. ఆ పిమ్మట గోడలకు కెమెరాలు తగిలించుచున్నాము. కెమెరా జరిగినదానిని చూపగలదు. పరుగెత్తుకొని రాలేదు.

కెనడా దేశమున టొరంటో నగరములో 1989లో స్త్రీలు మఱియొక మంచి పద్ధతి కనుగొనిరి. నలుగురైదుగురు కలసి, చీకటి పడిన పిమ్మట, కాగితము కలము చేతబట్టి తమ పేట వీథులలో నడచి, భయమెక్కడ కలుగుచున్నదో, ఏల కలుగుచున్నదో వ్రాసికొని నగర పాలకులకు ఇచ్చుట. ఈ పద్ధతి తరువాత పెక్కు దేశములకు వ్యాపించినది. మన దేశమున ఢిల్లీలో జాగోరి యను స్త్రీల సంస్థ దీనిని నడపినది. దీనికి పెద్ద చదువు అక్కఱలేదు. ఈ ప్రశ్నలు చాలును:

దీపములు వెలుగుచున్నవా? ఒక దీపమునకు మఱియొక దీపమునకు నడుమ చీకటి యెంత?

బస్సు స్టాపునుండి యింటికి కాలిబాట కలదా, లేక బండ్ల నడుమ నడువవలయునా?

దారిలో తెఱచియున్న అంగడి కలదా? మందుల షాపు, పాలబూతు వంటివి ఎన్ని గంటల వఱకు తెఱచియుండును?

ఇండ్ల కిటికీలు వీథివైపు ఉన్నవా, లేక గోడలే యున్నవా?

ఆ వేళ వీథిలో ఆడువారు కనబడుచున్నారా? మగవారు మాత్రమే యున్నారా?

కేక వేసినచో నెవరికి వినబడును?

ఈ చివరి ప్రశ్నకు జవాబు లేని వీథిని ఏ అంకెయు మంచిదని నిరూపింపజాలదు.

జనసమ్మర్దమున్నంత మాత్రముచే నంతయు క్షేమమని మేమనుట లేదు. సందడిలో జేబులు పోవును, ఆకతాయిలు నుందురు. అట్టివారిని పట్టుటకే 2014 అక్టోబరులో హైదరాబాదునందు షీ టీములు ఏర్పడినవి. ఆ పోలీసువారు మామూలు దుస్తులలో బస్సు స్టాపులయందు, కాలేజీల దగ్గఱ నిలిచి, వేధించువారిని చూచి పట్టుకొందురు. తరువాత ఇవి రాష్ట్రమంతటను వ్యాపించినవి. మీ పిల్లకు వీరిని గూర్చి చెప్పియుంచుడు. ఆపదలో 112, స్త్రీల సహాయమునకు 181 అను సంఖ్యలను ఇంట గోడమీద వ్రాసి యుంచుడు.

ఇక ఫిర్యాదు సంగతి. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి శంషాబాదు సమీపమున నొక యువ పశువైద్యురాలు దుర్మార్గుల చేజిక్కి ప్రాణములు గోల్పోయిన సంగతి మీరు మఱవలేదు. ఆ రాత్రి ఆమె కుటుంబమువారు ఠాణాకు పోగా, ఇది మా హద్దు కాదని తమ్ము నొకచోటినుండి మఱియొకచోటికి పంపిరని వారు వాపోయిరి. ఫిర్యాదు నమోదులో జరిగిన ఆలస్యమునకు ముగ్గురు పోలీసువారు సస్పెండు చేయబడిరి. ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు తీసికొనవలయునని, అనగా జీరో ఎఫ్.ఐ.ఆర్. వ్రాయవలయునని, 2013లోనే జస్టిసు వర్మ సంఘము చెప్పియుండెను. ఇల్లు చేరని బిడ్డ కొఱకు తిరుగు తల్లిదండ్రులకు ఆనా డా మాట యక్కఱకు రాలేదు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షనులో ఈ విషయము స్పష్టముగా వ్రాయబడినది. నేరము ఏ హద్దులో జరిగినను ఏ ఠాణాలోనైనను చెప్పవచ్చును. నోటితో చెప్పవచ్చును, చెప్పినదానిని వ్రాసికొని చదివి వినిపింపవలయును. ఫోను ద్వారా, కంప్యూటరు ద్వారా పంపినచో మూడు దినములలోపల సంతకము చేయవలయును. వ్రాసిన దాని నకలు ఉచితముగా నీయవలయును. ఠాణావారు వ్రాయమన్నచో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తపాలులో పంపవచ్చును. అప్పటికిని కాకున్నచో మేజిస్ట్రేటునకు చెప్పుకొనవచ్చును. స్త్రీపై జరిగిన లైంగిక నేరములయందు ఆమె చెప్పినదానిని స్త్రీ యధికారిణియే వ్రాసికొనవలయును. సాక్షిగా విచారించుటకు స్త్రీని ఠాణాకు పిలువరాదు; ఆమె యున్నచోటికే రావలయును. "ఆడువారు ఠాణా గుమ్మ మెక్కుటయా?" యని సంశయించువారికి ఈ మాట చూపుడు.

జాబు వ్రాసిన సోదరీ! ఇప్పుడు నీ ప్రశ్నకు వత్తము. పత్రికలోని యంకెలను ప్రక్కన బెట్టుము. ఒకనాటి సాయంకాలము ఏడున్నరకు అమ్మాయిని వెంటబెట్టుకొని బస్సు స్టాపులో దిగి మొదటి యింటికి నడువుము. మఱునాడు అదే వేళకు రెండవ యింటికి నడువుము. పైని ప్రశ్నలను అమ్మాయినే యడుగుము. ఆ దారిని దినదినమును నడువవలసినది ఆమెయే. ఆ పేటలలోని ఆడువారిని, "ఇక్కడ ఏమైన జరిగినచో మీరు వ్రాయింతురా?" యని యడుగుము. "మా వీథిలో నేమియు జరుగదమ్మా" యని తలుపు వేసికొనువారున్న చోటికంటె, "నిరుడొకటి జరిగినది, మేమందఱము పోయి వ్రాయించితిమి" అని చెప్పువారున్న చోటు మేలు. మీ పేరు పెట్టి పిలుచు అంగడివాడున్న సందడి వీథి, ఎవరి ముఖము నెవరు నెఱుగని విశాలమైన వీథికంటె పెక్కుమారులు మేలు. అయినను మీ కాళ్లతో మీరు తేల్చుకొనుడు.

అమ్మాయి చదువు మాత్రము మాన్పింపకుము. దొంగ యున్నాడని సొమ్ము గలవారిని ఇంట బంధించు ధర్మ మెక్కడను లేదు. చదువు మాని యింట కూర్చున్న పిల్లకు పై లెక్కలలోని పెద్ద పద్దు మఱింత చేరువ యగును. ఆమె కప్పుడు స్వంత సంపాదన యుండదు, వెడలిపోవుటకు దారియు నుండదు. మీ అత్తగారి భయము ప్రేమలోనుండి పుట్టినదే, ఆమెను నొప్పింపకుడు. రెండవ సాయంకాలపు నడకలో ఆమెనుగూడ తోడ్కొని పొండు. ఇన్నేండ్లుగా ఇల్లు కాచిన కన్నులవి. ఏ మలుపున దీపము లేదో, ఏ కిటికీలో మనిషి యున్నదో అందఱికంటె ముందుగా ఆమెకే కనబడును. ఇంటిలో చేరిన పిమ్మట సాయంకాలము వేళ ఆమె కుర్చీని వీథివైపు వరండాలో వేయుడు.

మా వీథి మలుపున దీపము ఇప్పుడు వెలుగుచున్నది. రెండవ సంఘటన పిమ్మట పదునాఱుగురు స్త్రీలము సంతకములు చేసి నగరపాలక సంస్థకు అర్జీ యిచ్చితిమి. మొదటి సంతకము పిన్నిగారిది. పండ్రెండు దినములలో దీపము వచ్చినది. అర్జీ వ్రాయుటకు మాకు పట్టినది అరగంట. ఆ యరగంటను మేము రెండు వారములు ముందుగా వెచ్చింపలేకపోయితిమి. మీరట్లు చేయకుడు. మీ వీథిలో వెలుగని దీప మేదైన నున్నచో ఈ పత్రిక ముడిచిన వెంటనే ఒక కాగితము తీయుడు.